మాన్పించి తీసుకురండి అనకండి

(విజయవాడలో తల్లిదండ్రులు, జూనియర్ కళాశాలల అధ్యాపకులు, హాస్టల్ వార్డెన్లు పాల్గొన్న సభలో ఒక మానసిక వైద్యురాలు చేసిన ప్రసంగానికి అక్షర రూపం. పిల్లలెవరో గుర్తుపట్టే వీలు లేకుండా ఉదాహరణల్లోని వివరాలు మార్చి చెప్పారు.)

అందరికీ నమస్కారం.

మీలో కొందరు పాఠాలు చెప్పేవాళ్లుగా వచ్చారు, కొందరు తల్లిదండ్రులుగా వచ్చారు. బంధువుల దగ్గర కూడా నోరు విప్పలేని బాధ పెట్టుకుని వచ్చినవాళ్లూ ఉన్నారని నాకు తెలుసు. అందుకని నేరుగా విషయంలోకి వస్తాను.

పదమూడు నుంచి పంతొమ్మిదేళ్ల పిల్లలకి మత్తు అలవాటూ, మానసిక జబ్బూ రెండూ కలిసి వచ్చినప్పుడు ఏం చేయాలన్నది ఇవాళ్టి విషయం. నేను గట్టిగా చెప్పదలచుకున్నది ఒక్కటే. రెండింటికీ ఒకే చోట, ఒకేసారి వైద్యం జరగాలి. ముందు ఇది తగ్గనివ్వండి, తర్వాత అది చూద్దాం అనుకున్నంత కాలం పిల్లలు నష్టపోతూనే ఉంటారు.

ఒక అబ్బాయి గురించి చెబుతాను. పదహారేళ్లు. తెనాలి వైపు పల్లెటూరు. తండ్రి గుంటూరు మిర్చి యార్డులో ఒక కమిషన్ కొట్లో గుమస్తా. పదో తరగతిలో మంచి మార్కులు వచ్చాయని అప్పు చేసి మరీ విజయవాడ శివార్లలో ఇంటర్ ఎంపీసీ హాస్టల్లో చేర్పించారు. మొదటి సంవత్సరం సగం గడిచేసరికి ఫోన్లో మాటలు తగ్గిపోయాయి. దసరా సెలవులకు ఇంటికొస్తే వాళ్లమ్మ బట్టలు ఉతకడానికి బ్యాగు విప్పింది. అందులో సిగరెట్ చుట్టుకునే పల్చటి కాగితాల ప్యాకెట్, కళ్లలో వేసుకునే చుక్కల మందు సీసా ఉన్నాయి. కళ్లకేమైంది నాన్నా అని అడిగితే చదివి చదివి ఎర్రబడుతున్నాయన్నాడు. ఆవిడ నమ్మింది. ఏ తల్లయినా నమ్ముతుంది.

సంక్రాంతికి వచ్చినప్పుడు ఇంకో మార్పు కనిపించింది. ఏదైనా మాట్లాడాలంటే బాత్రూమ్‌లో కుళాయి తిప్పి, ఆ నీళ్ల చప్పుడులో మాట్లాడేవాడు. ఎందుకురా అంటే, రూమ్‌మేట్లు తన మాటలు ఫోన్లో రికార్డు చేసి అందరికీ పంపిస్తున్నారన్నాడు. అప్పటికి హాస్టల్ అక్కడ, ఇల్లు ఇక్కడ. మధ్యలో అరవై కిలోమీటర్లు. అయినా వింటున్నారనేవాడు.

తండ్రి గంజాయి సంగతి కనుక్కున్నాడు. కొట్టాడు. తర్వాత ఏడ్చాడు. ఒక డీ-అడిక్షన్ సెంటర్‌కి తీసుకెళ్లాడు. అక్కడ రెండు రోజులు చూసి, 'వీడు తనలో తాను మాట్లాడుకుంటున్నాడు, ఇది మా వల్ల కాదు, మెంటల్ డాక్టరుకి చూపించండి' అన్నారు. డాక్టరు దగ్గరికి వెళితే, 'గంజాయి తాగుతున్నంత కాలం నేను మందులు రాసినా పనిచేయవు, ముందు మాన్పించి తీసుకురండి' అన్నారు. ఈ గుమ్మానికీ ఆ గుమ్మానికీ తిరగడంలో నెలలు గడిచిపోయాయి. ఆ నెలల్లోనే ఆ పిల్లవాడి అనుమానాలు ముదిరాయి. అమ్మ పెట్టిన అన్నం కూడా అనుమానించే స్థితికి వచ్చాడు.

షుగర్ ఉన్న మనిషికి కాలికి పుండు పడితే, 'పుండు మాన్పుకుని రండి, అప్పుడు షుగర్ చూస్తాం' అని ఏ డాక్టరైనా అంటాడా? షుగర్ తగ్గకపోతే పుండు మానదు, పుండు చీము పట్టి ఉంటే షుగర్ తగ్గదు. ఈ పిల్లల్లో జరిగేదీ అదే.

ఇది ఎక్కడో ఒకరిద్దరికి వచ్చే సమస్య కాదు. బెంగళూరులోని నిమ్హాన్స్ మానసిక వైద్య సంస్థ వాళ్లు 2015-16లో చేసిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వేలో 13 నుంచి 17 ఏళ్ల పిల్లల్లో 7.3 శాతం మందికి ఏదో ఒక మానసిక సమస్య ఉన్నట్టు తేలింది. అరవై మంది కూర్చునే క్లాసులో నలుగురన్న మాట. 2005లో అమెరికాలో రోనాల్డ్ కెస్లర్ బృందం పెద్దవాళ్లను వెనక్కి అడుగుతూ లెక్క తీస్తే, జీవితంలో వచ్చే మానసిక జబ్బుల్లో సగం 14 ఏళ్లకే మొదలయ్యాయని, ముప్పాతిక వంతు 24 ఏళ్లలోపే మొదలయ్యాయని తేలింది. మొదటి సిగరెట్, మొదటి బీరు, మొదటి దమ్ము పడేదీ ఆ వయసులోనే. రెండూ ఒకే గుమ్మంలోంచి ఒకే సమయంలో లోపలికొస్తున్నాయి. కలవకుండా ఎలా ఉంటాయి?

మత్తు పదార్థాల మీద ఎయిమ్స్ చేసిన సర్వేని కేంద్ర సామాజిక న్యాయ శాఖ 2019లో విడుదల చేసింది. అందులో ఒక అంకె నన్ను కలవరపెట్టింది. పీల్చే మత్తు, అంటే వైట్‌నర్, పంక్చర్లు వేసే సొల్యూషన్ లాంటివి, పెద్దవాళ్లలో 0.58 శాతం మంది వాడుతుంటే 10 నుంచి 17 ఏళ్ల పిల్లల్లో 1.17 శాతం మంది వాడుతున్నారు. పెద్దలకంటే పిల్లలు ఎక్కువగా వాడే మత్తు ఇదొక్కటే. చవక, ఏ కొట్లోనైనా దొరుకుతుంది. రైల్వే స్టేషన్ దగ్గర చేతిరుమాలు ముక్కుకి పెట్టుకుని కూర్చున్న పిల్లల్ని మీరూ చూసే ఉంటారు. అది మొదటిసారి పీల్చినప్పుడే గుండె లయ తప్పి ప్రాణం పోవచ్చు. ఈ ఒక్క విషయం ప్రతి స్కూల్లోనూ చెప్పాలి.

ఇక గంజాయి. మన్యంలో పండేది బయటి ఊళ్లకు వెళ్లేటప్పుడు మన ఊరి మీదుగా కూడా వెళుతుంది. విజయవాడ జంక్షన్‌లో రైళ్లలో పట్టుకున్న బ్యాగుల ఫొటోలు పేపర్లో తరచుగా చూస్తుంటాం. 2021లో 'ఆపరేషన్ పరివర్తన' పేరుతో పోలీసులు వేల ఎకరాల్లో తోటలు నరికేశారు. ఆ పని వాళ్లది. నా దగ్గరికి వచ్చేది ఆ పొట్లం విప్పిన పిల్లవాడు. అతని విషయంలో తల్లిదండ్రులు మొదట అడిగే ప్రశ్న, 'డాక్టర్ గారూ, గంజాయి తాగబట్టి పిచ్చి వచ్చిందా, పిచ్చి ఉండబట్టి గంజాయి తాగాడా?'

ఈ ప్రశ్న న్యాయమైనదే. దీనికి అందరికీ వర్తించే ఒక్క జవాబు లేదు కాబట్టి కొంచెం విడమరిచి చెబుతాను.

కొందరిలో మానసిక బాధే ముందు. పదో తరగతి నుంచే నిద్ర పట్టదు, దేని మీదా మనసు నిలవదు, నలుగురిలోకి వెళ్లాలంటే చెమటలు పడతాయి. ఎవరికీ చెప్పరు. చెప్పినా 'పరీక్షల టెన్షన్, అదే పోతుంది' అంటాం. అప్పుడు ఒక సీనియర్ 'ఇది లాగు, నిద్ర పడుతుంది' అంటాడు. నిజంగానే పడుతుంది! మొదటి నెల రోజులు అది మందులాగే పనిచేస్తుంది. ఇక్కడే మనం పిల్లల్ని అర్థం చేసుకోవాలి. జల్సా కోసం మొదలుపెట్టినవాళ్లు ఉన్నారు, కాదనను. కానీ తట్టుకోలేని బాధకి తమకు తోచిన మందు వేసుకున్న పిల్లలు చాలామంది ఉన్నారు. ఏకాగ్రత లోపం, అంటే ఏడీహెచ్‌డీ, చిన్నప్పటి నుంచి ఉండి ఎవరూ గుర్తించని పిల్లలైతే మరీను. స్కూల్లో తిట్లు, ఇంట్లో తిట్లు, ఎక్కడా మెప్పు లేదు. తనని మెచ్చుకునే గుంపు ఏది దొరికితే అందులోకి వెళ్లిపోతారు.

కొందరిలో మత్తే ముందు, జబ్బు తర్వాత. గంజాయిలో టీహెచ్‌సీ అనే రసాయనం ఉంటుంది. ఎదిగే మెదడు మీద దాని దెబ్బ వేరు. నిర్ణయాలు తీసుకునే భాగం మెదడు ముందువైపు ఉంటుంది, అది పూర్తిగా తయారవడానికి పాతికేళ్లు పడుతుంది. స్వీడన్‌లో సైన్యంలో చేరిన 45 వేల మందికి పైగా కుర్రవాళ్లను పదిహేనేళ్లపాటు గమనించి 1987లో ఫలితాలు ప్రకటించారు. పద్ధెనిమిదేళ్లలోపే యాభై సార్లకు మించి గంజాయి తాగినవాళ్లకి, అసలు తాగనివాళ్లతో పోలిస్తే, స్కిజోఫ్రినియా, అంటే లేని గొంతులు వినిపించడం, లేనిపోని అనుమానాలు పట్టుకోవడం లాంటి తీవ్రమైన మానసిక జబ్బు, ఆరు రెట్లు ఎక్కువగా వచ్చింది. న్యూజీలాండ్‌లోని డ్యునెడిన్ నగరంలో 1972-73లో పుట్టిన సుమారు వెయ్యి మంది పిల్లల్ని ఇప్పటికీ గమనిస్తున్నారు. అందులో 15 ఏళ్లకే గంజాయి పట్టినవాళ్లలో దాదాపు పదిమందికి ఒకరు 26 ఏళ్లకు స్కిజోఫ్రినియా లాంటి లక్షణాలతో కనిపించారు. పట్టనివాళ్లలో వందకి ముగ్గురు. మొదలుపెట్టిన వయసు ఎంత చిన్నదైతే ప్రమాదం అంత పెద్దది. గంజాయి నూనె లాంటి గాఢమైన సరుకైతే ఇంకా ఎక్కువ.

దీన్ని తిరగేసి కూడా చూడాలి. గంజాయి తాగిన పదిమందిలో తొమ్మిదిమందికి ఆ జబ్బు రాలేదు. మీ పిల్లవాడు ఆ తొమ్మిదిమందిలో ఉన్నాడో, ఆ ఒక్కడో ముందుగా చెప్పే పరీక్ష లేదు. మేనమామకో, బాబాయికో, తాతకో మతి చలించిన చరిత్ర ఉంటే ప్రమాదం ఎక్కువన్నది మాత్రం తెలుసు. అలాంటి చరిత్రని మన ఇళ్లలో పెళ్లి సంబంధాలకు అడ్డమని దాచిపెడతారు. మీ పిల్లల దగ్గర దాచకండి. 'మన ఇంట్లో ఈ జబ్బు ఉంది నాన్నా, నీకు గంజాయి అందరికంటే ఎక్కువ ప్రమాదం' అని పదమూడేళ్లకే చెప్పండి.

మూడో రకం పిల్లల్లో రెండింటికీ వేరు ఒకటే. గుంటూరు నుంచి పదిహేనేళ్ల అమ్మాయిని తీసుకొచ్చారు. మే నెలలో కూడా నిండు చేతుల చొక్కా వేసుకునేది. అమ్మమ్మ నిద్రమాత్రలు డబ్బాలో తగ్గిపోతున్నాయని ముందు పనిమనిషిని అనుమానించారు. చేతుల మీద బ్లేడు గాట్లు బయటపడ్డాక మా దగ్గరికి తెచ్చారు. నాలుగైదుసార్లు వచ్చి వెళ్లాక ఆ అమ్మాయి చెప్పింది, దగ్గరి బంధువు ఒకడు తనతో ఎలా ప్రవర్తించాడో. ఆ పిల్లకి మాత్రలు మాన్పించి ఇంటికి పంపితే ఏం లాభం? అదే ఇంట్లో, అదే మనిషి వస్తూపోతూ ఉంటే? ఇలాంటి సంగతి తెలిస్తే, పిల్లలపై లైంగిక నేరాలను అరికట్టే పోక్సో చట్టం ప్రకారం మేం పోలీసులకు చెప్పి తీరాలి, చెప్పాం. ఇంట్లోవాళ్లకి నా మీద కోపం వచ్చింది. అయినా ఆ పిల్ల వైద్యం అక్కడి నుంచే మొదలైంది.

ఆడపిల్లలు గంజాయి జోలికి వెళ్లరని, అదంతా మగపిల్లల గొడవని అనుకునే తల్లిదండ్రులకు ఒక మాట. నిద్రమాత్రలు, నొప్పి మాత్రలు, దగ్గు మందులు ఇంట్లో డబ్బాలోనే దొరుకుతాయి. వాసన రాదు. చివరిదాకా ఎవరికీ తెలియదు.

ఏది ముందు, ఏది వెనక అన్నది తేల్చుకోవడం వైద్యానికి ఉపయోగమే. అందుకోసం మేం ఏయే నెలలో ఏం జరిగిందో వరసగా రాసుకుంటాం. మత్తు పూర్తిగా ఆపి నెల రోజులైనా లక్షణాలు పోకపోతే అది విడి జబ్బు అనుకుంటాం. కానీ తేలేదాకా వైద్యం ఆపకూడదు. మత్తు వల్లే వచ్చింది కదా, అదే పోతుందిలే అని సరిపెట్టుకోకూడదు కూడా. గంజాయి వల్ల మతి చలించి ఆస్పత్రిలో పడినవాళ్లలో సుమారు మూడింట ఒక వంతు మందికి తర్వాతి సంవత్సరాల్లో స్కిజోఫ్రినియా ఖాయమైనట్టు అధ్యయనాలు చెబుతున్నాయి. తగ్గిపోయింది కదా అని మళ్లీ కనిపించకుండా పోయే కుటుంబాలను చూస్తే నాకు అందుకే భయం.

అధ్యాపకులకి, వార్డెన్లకి ఒక పనిముట్టు ఇస్తాను. బోస్టన్‌లో జాన్ నైట్ అనే పిల్లల వైద్యుడు తన సహచరులతో కలిసి తయారుచేసిన ఆరు ప్రశ్నలివి. ప్రపంచమంతా టీనేజీ పిల్లలకి వాడుతున్నారు. మన భాషలో ఇలా అడగొచ్చు. మత్తులో ఉన్నవాళ్లు నడిపే బండి ఎప్పుడైనా ఎక్కావా, లేదా నువ్వే అలా నడిపావా? టెన్షన్ తగ్గడానికో, నలుగురిలో కలిసిపోవడానికో వాడుతున్నావా? ఒక్కడివే ఉన్నప్పుడు వాడావా? వాడినప్పుడు చేసినవి తర్వాత గుర్తులేకుండా పోయాయా? తగ్గించుకోమని ఇంట్లోవాళ్లుగానీ స్నేహితులుగానీ అన్నారా? దానివల్ల ఏదైనా గొడవలో ఇరుక్కున్నావా? రెండింటికి అవును అంటే నిపుణుల దగ్గరికి పంపాలి. వీటితోపాటు నేను ఇంకో రెండు అడగమంటాను. నిద్ర ఎలా ఉంది? చచ్చిపోవాలని ఎప్పుడైనా అనిపించిందా? ఈ చివరిది అడిగితే లేని ఆలోచన పుట్టిస్తామేమోనని భయపడతారు. అడగడం వల్ల ఆ ఆలోచన పుట్టదు. అడిగినందుకు ఊపిరి పీల్చుకున్న పిల్లలే ఎక్కువ. మన దేశంలో 2022లో 13 వేల మందికి పైగా విద్యార్థులు ఆత్మహత్య చేసుకున్నారని జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్క. అడగకుండా ఎలా ఉంటాం?

అడిగే తీరు ముఖ్యం. స్టాఫ్ రూమ్‌లో నలుగురి ముందు నిలబెట్టి అడిగితే ఆరింటికీ లేదనే చెబుతాడు.

సరే, వైద్యం ఎలా ఉంటుంది? చాలామంది మనసులో బొమ్మ ఏంటంటే, పిల్లవాణ్ని మూడు నెలలు ఎక్కడో పెట్టి తాళం వేస్తే మారిపోయి వస్తాడని. అలా జరగదు. ఆ కుళాయి తిప్పుకుని మాట్లాడిన అబ్బాయికి మేం ఏం చేశామో చెబితే అర్థమవుతుంది.

మొదటిరోజు గంజాయి మానెయ్యమని చెప్పలేదు. గంజాయి నీకేం ఇచ్చిందని అడిగాం. కాసేపు నా మొహం చూశాడు. 'మొదట్లో నిద్ర పట్టేదండీ' అన్నాడు. ఇప్పుడు పడుతోందా? 'లేదండీ, ఇప్పుడు భయం వేస్తుంది.' ఇలా మాట్లాడించే పద్ధతికి అమెరికా మనస్తత్వవేత్త విలియం మిల్లర్ 1983లో దారి వేశాడు. మానాలన్న కారణం మనం చెబితే వాదిస్తారు. తనంతట తాను చెప్పుకుంటే పట్టుకుంటారు. టీనేజీ పిల్లలతో నాకు ఇంతకంటే మంచి పద్ధతి తెలియదు.

అనుమానాలకి తక్కువ డోసులో మందు అదే రోజు మొదలుపెట్టాం. తాగుతున్నాడని తెలిసే మొదలుపెట్టాం. మాత్రల షీటు వాళ్లమ్మ దగ్గరే ఉంచి, రాత్రి భోజనం అయ్యాక ఒక్కటి చేతికివ్వమన్నాం. నిద్ర కోసం అల్ప్రజోలం లాంటివి రాయలేదు, ఈ పిల్లలకి అవి ఇంకో అలవాటుగా మారతాయి. గంజాయి ఆపాక మొదటి వారం చిరాకు, ఆకలి లేకపోవడం, పిచ్చి కలలు వస్తాయి, రెండు వారాలకి నెమ్మదిస్తాయి అని తల్లికి ముందే చెప్పాం. చెప్పకపోతే ఆ చిరాకు చూసి మందు పడలేదనుకుని ఆపేస్తారు. మద్యం, నిద్రమాత్రల విషయం అలా కాదు. రోజూ వాడే పిల్లలకి ఒక్కసారిగా ఆపితే ఫిట్స్ వచ్చి ప్రాణం మీదికి రావచ్చు. వాళ్లను ఆస్పత్రిలో పెట్టే ఆపాలి.

తండ్రితో విడిగా మాట్లాడాం. కొట్టడం ఆపమన్నాం. డబ్బు లెక్క అడగమన్నాం, అరవకుండా. వారానికి ఒకసారి మూత్ర పరీక్ష చేయించాం, పోలీసు పరీక్షలాగా కాదు, ఫలితం ముందు ఆ అబ్బాయికే చెప్పేవాళ్లం. రోజూ తాగినవాళ్లకి ఆపాక కూడా మూడు నాలుగు వారాలపాటు పాజిటివ్ రావచ్చు, అది చూసి అబద్ధం చెబుతున్నాడని తిట్టకండని ఇంట్లోవాళ్లకి చెప్పాం.

ఆ అబ్బాయి మళ్లీ తాగాడు. మరుసటి సంక్రాంతికి పాత స్నేహితులు వచ్చినప్పుడు ఒకసారి, ఇంటర్ ఫలితాల రోజు ఒకసారి. వాళ్ల నాన్న ఫోన్ చేసి, 'మళ్లీ మొదటికొచ్చింది మేడమ్, ఇక అనవసరం' అన్నాడు. మొదటికి రాలేదు. ఈసారి తాగిన మర్నాడే వచ్చి చెప్పాడు. వైద్యం ఆపలేదు. ఇప్పుడు డిగ్రీ చదువుతున్నాడు. మందు ఇంకా వాడుతున్నాడు, ఇంకొంత కాలం వాడాలి.

తాగుతుండగా మందులిస్తే పనిచేయవనే మాటకి ఒక జవాబు ఉంది. అమెరికాలో పౌలా రిగ్స్ బృందం 2007లో ఒక అధ్యయనం ప్రచురించింది. డిప్రెషన్, మత్తు అలవాటు రెండూ ఉన్న 126 మంది పిల్లలు. మత్తు గురించి కౌన్సెలింగ్ అందరికీ ఇచ్చారు. సగం మందికి ఫ్లూయాక్సెటిన్ అనే డిప్రెషన్ మందు, మిగతావాళ్లకి ఉత్తుత్తి మాత్ర. మత్తు ఆపితేనే మందిస్తామని షరతు పెట్టలేదు. మందు సురక్షితంగా ఇవ్వగలిగారు. డిప్రెషన్ మీద ఒక కొలమానంలో మందు మెరుగ్గా కనిపించింది. ఏ దారిలోనైనా సరే డిప్రెషన్ తగ్గిన పిల్లల్లో మత్తు వాడకం కూడా తగ్గింది. డిప్రెషన్ తగ్గనివాళ్లలో అదీ తగ్గలేదు. మన వాళ్లు 'ముందు అది మానాలి' అంటున్నారే, దానికి ఇంతకంటే సూటిగా ఏం చెప్పాలి?

ఫ్లూయాక్సెటిన్ లాంటివి మొదలుపెట్టిన తొలి వారాల్లో కొద్దిమంది పిల్లల్లో అసహనం, ఆత్మహత్య ఆలోచనలు పెరగొచ్చు. అమెరికా మందుల నియంత్రణ సంస్థ 2004 నుంచి ఆ హెచ్చరిక పెట్టింది. అందుకని ఆ వారాల్లో పిల్లవాణ్ని తరచుగా చూపించాలి. పక్కింటివాళ్లకి రాసిన చీటీతో మందులు కొనకూడదు.

చేయకూడనివి కొన్ని ఉన్నాయి, వాటి గురించి కటువుగానే చెబుతాను. తాగుడు మాన్పించే మాత్ర పొడి చేసి సాంబారులో కలిపి పెట్టమని మెడికల్ షాపుల దగ్గర సలహాలిస్తుంటారు. ఆ మందు కడుపులో ఉండగా మద్యం తాగితే బీపీ పడిపోయి ప్రాణం పోవచ్చు. చెప్పకుండా కలపడం పెద్దవాళ్లకే ప్రమాదం, పిల్లలకి అసలు చేయకూడదు. అదీగాక అమ్మ వండిన అన్నంలో ఏదో కలుపుతున్నారని అనుమానపడే జబ్బు ఉన్న పిల్లవాడికి నిజంగానే కలిపి పెడితే, ఇక వాడికి మనం ఏం చెప్పి నమ్మించగలం?

రెండోది, గొలుసులు వేసి, కొట్టి 'మార్చే' చోట్లు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం గొలుసులతో కట్టడాన్ని పూర్తిగా నిషేధించింది. మద్యం, మాదకద్రవ్యాల వల్ల వచ్చే మానసిక స్థితులు కూడా ఆ చట్టం కిందికే వస్తాయి. పద్ధెనిమిదేళ్లలోపు పిల్లవాణ్ని చేర్చుకోవాలంటే ఇద్దరు నిపుణులు విడివిడిగా పరీక్షించాలి, పెద్దవాళ్లతో కలపకుండా వేరుగా ఉంచాలి, తల్లిగానీ తండ్రిగానీ బాధ్యతగల మరొకరుగానీ ఉన్నన్ని రోజులూ తోడుండాలి. 'మీరు వెళ్లిపోండి, మూడు నెలలదాకా ఫోన్ కూడా చేయొద్దు' అని ఎవరైనా అంటే మీ బిడ్డ చెయ్యి పట్టుకుని బయటికి వచ్చేయండి. చేర్చే ముందు రిజిస్ట్రేషన్ కాగితం చూపించమనండి. మానసిక వైద్యుడు ఏయే రోజుల్లో వస్తాడో అడగండి.

మూడోది, పోలీసు భయం. ఆస్పత్రికి వెళితే కేసు పెడతారని మూడేళ్లు దాచిన కుటుంబాలు ఉన్నాయి. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టంలో 64ఎ అనే సెక్షన్ ఉంది. వాడే అలవాటున్న మనిషి తనంతట తాను ప్రభుత్వ లేదా గుర్తింపు పొందిన ఆస్పత్రిలో వైద్యానికి వచ్చి అది పూర్తి చేసుకుంటే, వాడినందుకుగానీ, కొద్ది మొత్తం దగ్గర ఉన్నందుకుగానీ శిక్షించకుండా అది రక్షిస్తుంది. వైద్యం మధ్యలో వదిలేస్తే ఆ రక్షణ పోవచ్చు. తన మత్తు అలవాటు గురించి మీ పిల్లవాడు మాకు చెప్పిన విషయాలు రహస్యంగా ఉంచడం మా చట్టబద్ధమైన బాధ్యత. పిల్లలకి మత్తు అమ్మినవాడికి మాత్రం బాల న్యాయ చట్టం 77వ సెక్షన్ కింద ఏడేళ్ల దాకా కఠిన శిక్ష ఉంది. అమ్మేవాళ్ల సమాచారం ఇవ్వాలంటే మన రాష్ట్రంలో 1972 నంబరు ఉంది.

ఎక్కడికి వెళ్లాలి? విజయవాడ, గుంటూరు ప్రభుత్వ ఆస్పత్రుల్లో మానసిక వైద్య విభాగాలున్నాయి, మధ్యలో మంగళగిరి ఎయిమ్స్ ఉంది. అర్ధరాత్రి భయం వేస్తే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ-మానస్ 14416కి చేయండి, తెలుగులోనే మాట్లాడతారు. మత్తు గురించి ప్రత్యేకంగా 14446 ఉంది. ఎక్కడికి వెళ్లినా మొదట ఒక్క ప్రశ్న అడగండి: 'రెండింటికీ మీరే చూస్తారా, చూడకపోతే చూసేవాళ్లతో మీరే మాట్లాడతారా?'

ఇప్పుడు కాలేజీవాళ్లతో. ఇందాక ఒక ప్రిన్సిపాల్ గారు చీటీ పంపారు. 'ఒకడి దగ్గర దొరికితే టీసీ ఇచ్చి పంపకపోతే మిగతావాళ్లు చెడిపోరా?' అని. మీ భయం నాకు అర్థమవుతుంది సార్. అమ్ముతున్న పిల్లవాడి విషయం వేరు. వాడుతున్న పిల్లవాడికి టీసీ ఇస్తే, చదువు, స్నేహితులు, దినచర్య అన్నీ ఒక్కరోజులో పోయి, గదిలో ఒంటరిగా ఒక్క పొట్లంతో మిగులుతాడు. మిగతావాళ్లకి అందే సందేశం, దొరక్కుండా తాగమని. మీరు చేయగలిగేది ఒకటుంది. వైద్యానికి వెళితే హాజరు విషయం మేం చూసుకుంటామని, సీటు పోదని రాసి ఇవ్వండి. వారానికి ఒకసారి ఆస్పత్రికి వెళ్లడానికి ఔటింగ్ ఇవ్వండి. రాత్రి పదకొండుదాకా స్టడీ అవర్స్ పెట్టి పొద్దున నాలుగున్నరకి లేపితే ఏ మందూ పనిచేయదు. నిద్ర ఈ రెండు జబ్బులకీ మూలం దగ్గర ఉంది. ఆ ఒక్కటి మీ చేతిలో ఉంది సార్, దయచేసి మార్చండి.

వెనకాల కూర్చున్న అమ్మ ఒకరు అడుగుతున్నారు, గట్టిగా చెప్పండమ్మా. 'మా వాడు డాక్టరు దగ్గరికి రానంటున్నాడు, గట్టిగా అంటే తలుపేసుకుంటున్నాడు' అంటున్నారు. అమ్మా, మీరొక్కరే రండి. పిల్లవాడు రాకపోయినా వైద్యం మొదలవుతుంది. ఇంట్లో ఏం మాట్లాడాలో, ఏం మాట్లాడకూడదో, డబ్బులు ఎలా ఇవ్వాలో, ఏ లక్షణం కనిపిస్తే ఆగకుండా తీసుకురావాలో మీకు నేర్పిస్తాం. తనని తాను గాయపరుచుకుంటున్నా, ఎవరినైనా కొట్టేలా ఉన్నా, రెండు మూడు రోజులుగా అసలు నిద్రపోకపోయినా ఎదురుచూడకండి, ఆ రాత్రే ఎమర్జెన్సీకి తీసుకురండి. అంత లేకపోతే రేపు ఉదయం ఓపీకి వచ్చేయండి. పాత మందుల చీటీలు ఉంటే పారేయకుండా తెచ్చుకోండి. ఎప్పటి నుంచి ఏం మారిందో ఒక కాగితం మీద నెలల వారీగా రాసుకుని రండి. మిగతా ప్రశ్నలు ఇక్కడే కిందికి దిగి వింటాను, విడిగా మాట్లాడాలనుకునేవాళ్లు అటు పక్క గదిలో కూర్చోండి.